సముద్రం అడుగున పనిచేసే హైడ్రాలిక్ భాగాలకు డిజైన్ సేవ: 14 నెలల అనుభవంతో ఒక సమీక్ష

కాకినాడ తీరం నుంచి సముద్రంలోకి వెళ్ళే పనులకు ఆర్‌ఓవీ టూలింగ్, అంటే మనిషి దిగలేని లోతుల్లో తిరిగే రిమోట్ వాహనాలకు తగిలించే పనిముట్లు, అద్దెకు ఇచ్చే ఒక చిన్న సంస్థలో నేను మెకానికల్ విభాగం చూస్తుంటాను. 14 నెలల క్రితం మేము రెండు భాగాలకు బయట డిజైన్ చేయించుకున్నాం. మొదటిది రెండు దారులున్న హాట్ స్టాబ్, అంటే అడుగున ఉన్న పరికరానికి హైడ్రాలిక్ ద్రవం అందించే ప్లగ్గు, దాన్ని అందుకునే రిసెప్టకిల్, అంటే సాకెట్టు. రెండోది ఆరు సోలినాయిడ్ వాల్వులను, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వులను, నూనెలో ముంచి ఉంచే వాల్వ్ పెట్టె. రెండూ 1500 మీటర్ల లోతులో, 207 బార్ (ఒక బార్ అంటే సుమారు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) హైడ్రాలిక్ పీడనంతో పనిచేయాలి. ఈ పనిని హైదరాబాదు బాలానగర్ పారిశ్రామికవాడలో పదిమంది కూడా లేని ఒక డిజైన్ సంస్థకు అప్పగించాం. వాళ్ళ మంచితో పాటు తప్పులూ చెప్పదలచుకున్నాను కాబట్టి పేరు రాయడం లేదు. ఇలాంటి సేవ తీసుకోవాలనుకునేవారికి పేరు కన్నా పని జరిగిన తీరు తెలియడమే ఎక్కువ ఉపయోగమని నా ఉద్దేశం.

ఈ భాగాలను విదేశీ తయారీదారుల కేటలాగు చూసి తెప్పించుకోవచ్చు. చాలాకాలం మేము చేసిందీ అదే. 2009 ఏప్రిల్‌లో కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డి6 బ్లాకు నుంచి గ్యాస్ రావడం మొదలైంది. 2020 డిసెంబరులో అదే బ్లాకులో 2000 మీటర్లకు మించిన లోతులోని ఆర్ క్లస్టర్ ఉత్పత్తిలోకి వచ్చింది, 2024 జనవరిలో ఓఎన్‌జీసీ వారి 98/2 బ్లాకు నుంచి చమురు రావడం మొదలైంది. మన తీరానికి ఎదురుగా సముద్రం అడుగున ఇంత సామగ్రి పేరుకున్నా, దాని నిర్వహణకు కావలసిన చిన్న పనిముట్లలో చాలా భాగం మాకు ఇప్పటికీ నార్వే నుంచో స్కాట్లండ్ నుంచో రావలసిందే. ఓడ అద్దె రోజుల లెక్కన నడుస్తుండగా, ఒక ఓ-రింగ్ (ద్రవం కారకుండా ఆపే రబ్బరు చుట్టు, ఒక రకం సీలు) గాడిలో చిన్న మార్పు కోసం అక్కడికి ఈమెయిలు పంపి జవాబు కోసం ఎదురుచూడడం ఎంత ఖరీదైన వ్యవహారమో ఈ పనిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. అందుకే, పిలిస్తే పలికే దూరంలో డిజైన్ చేయగలవారు ఎవరైనా ఉన్నారా అని వెతికాం.

మొదటి సమావేశానికి లోతు, పీడనం, ప్రవాహం, బయటి కొలతలు రాసిన రెండు పేజీల కాగితం పట్టుకుని వెళ్ళాను. అక్కడి పెద్ద డిజైనరు అరవై దాటిన మనిషి, రక్షణ రంగంలో హైడ్రాలిక్స్ చేసి రిటైరైనవారు. ఆ కాగితాన్ని ఒకసారి చదివి పక్కన పెట్టి, "కింద దీన్ని పట్టుకునేది ఎవరండీ?" అని అడిగారు. ఆ తర్వాత గంటన్నర సేపు ప్రశ్నలన్నీ అక్కడి నుంచే పుట్టాయి. మేనిప్యులేటర్, అంటే వాహనపు యాంత్రిక చెయ్యి, దవడ ఎంత తెరుచుకుంటుంది, స్టాబ్ పట్టుకున్నప్పుడు పైలట్‌కు కెమెరాలో దాని కొన కనిపిస్తుందా లేక చేతి వెనక దాగిపోతుందా, ప్రవాహంలో వాహనం ఊగుతున్నప్పుడు స్టాబ్‌ను పక్కకు వంచి లాగితే ఏ భాగం ముందు విరగాలి, అడుగున బురద లేస్తే మళ్ళీ కనిపించడానికి ఎంతసేపు పడుతుంది అని అడుగుతూ పోయారు. వీటిలో సగానికి నా దగ్గర జవాబు లేదు. వెనక్కి వచ్చి మా పైలట్లను అడిగి పంపవలసి వచ్చింది. అంతకుముందు మేము సంప్రదించిన మరో రెండు సంస్థలు ఈ రెండు పేజీలూ చూసిన మర్నాడే ధర పంపేశాయి. ఆ తేడా నాకు అప్పుడే అర్థమై ఉంటే వీళ్ళతో ధర దగ్గర రెండు వారాలు బేరమాడి ఉండేవాడిని కాను.

హాట్ స్టాబ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సంస్థ పనితనం బాగా కనిపించింది అందులోనే. వాహనం తన చేతితో తీసుకెళ్ళి, అడుగున ఉన్న పరికరంలోని రంధ్రంలో గుచ్చి, హైడ్రాలిక్ ద్రవాన్ని అందించే పొడుగాటి ప్లగ్గును హాట్ స్టాబ్ అంటారు. చూడటానికి ఇనుప మొక్కజొన్న పొత్తులా ఉండే ఈ వస్తువులో ఉన్న చిక్కు పీడనానిది. 25 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్టాబ్ కొన మీద 207 బార్ పీడనం నేరుగా పడితే దాన్ని వెనక్కి తన్నే బలం సుమారు 10,000 న్యూటన్లు, అంటే ఒక టన్ను బరువంత. ఆ బలాన్ని ఆపాలంటే తాళం కావాలి. తాళం ఉంటే అడుగున బిగుసుకుపోయే భయం ఉంటుంది. అందువల్ల ద్రవం స్టాబ్ కొన నుంచి రాకుండా పక్క గోడలోని రంధ్రం గుండా వచ్చేట్టు చేసి, ఆ రంధ్రానికి రెండు వైపులా సరిగ్గా ఒకే వ్యాసంలో సీళ్ళు పెడతారు. అప్పుడు పీడనం ముందుకు ఎంత నెడుతుందో వెనక్కూ అంతే నెట్టి, స్టాబ్ తాళం లేకుండానే నిలుస్తుంది. వీటి కొలతలు, ఆకారం అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఏపీఐ 17హెచ్ ప్రమాణంలో ఉన్నాయి కాబట్టి ఇదంతా కొత్త సంగతేమీ కాదు.

అయితే ప్రమాణంలోని బొమ్మను దించడం వేరు, అది అలా ఎందుకుందో తెలిసి గీయడం వేరు. మా పరికరంలో స్థలం చాలక రిసెప్టకిల్ వెనక భాగాన్ని మూసేద్దామని నేను సూచించాను. వెనక మూసేస్తే స్టాబ్ లోపలికి వెళ్తున్నప్పుడు ముందున్న నీటికి బయటికి పోయే దారి ఉండదనీ, నీరు నలగదు కాబట్టి పైలట్ ఎంత నెట్టినా స్టాబ్ చివరి అంగుళం దగ్గర ఆగిపోతుందనీ, పైగా ఒక సీలు కాస్త కారినా ఆ మూసిన గదిలో పీడనం పెరిగి స్టాబ్ తుపాకీ గుండులా బయటికి వస్తుందనీ ఆ పెద్దాయన కాగితం మీద లెక్క వేసి చూపించారు. చివరికి వెనక మూత ఉంచి, దాని పక్కగా 10 మిల్లీమీటర్ల దారి తీసి సముద్రంలోకి వదిలారు. ఆ దారికి జల్లెడ పెట్టాలా వద్దా అన్న దాని మీద వాళ్ళ కార్యాలయంలోనే ఇద్దరు అరగంట వాదించుకున్నారు. జల్లెడ మూసుకుపోతే అసలు దారే లేనట్టవుతుందని చివరికి మానేశారు.

ఇంకో మెచ్చుకోదగ్గ విషయం సీళ్ళ స్థానం. అరిగే సీళ్ళన్నీ స్టాబ్ మీదే ఉన్నాయి, రిసెప్టకిల్‌లో ఒక్కటి కూడా లేదు. స్టాబ్ ప్రతిసారీ పైకి వస్తుంది కాబట్టి డెక్ మీద రెండు నిమిషాల్లో సీలు మార్చుకోవచ్చు. రిసెప్టకిల్ ఏళ్ళ తరబడి అడుగునే ఉంటుంది. వాడకంలో లేనప్పుడు రిసెప్టకిల్ నోరు మూయడానికి ఒక డమ్మీ స్టాబ్ కూడా అదే రుసుములో గీసి ఇచ్చారు. తుప్పు పట్టకుండా యానోడ్లతో కాథోడిక్ రక్షణ ఇచ్చిన లోహం మీద, రంగు లేని చోట, సముద్రపు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లని సున్నపు పొరలా పేరుకుంటాయి. మన బోరు నీటి బకెట్టుకు పట్టే పొరకు ఇది అన్న వరస. ఆ పొర రిసెప్టకిల్ లోపలి గోడకు పట్టిందంటే స్టాబ్ దూరదు. దూరినా సీలును గీసేస్తుంది. తర్వాత ఆమ్లంతో కడిగించడం ఓడ రోజులు తినే పని. డమ్మీ స్టాబ్ మీద రెండు సాదా సీళ్ళు పెట్టి లోపలికి కొత్త నీరు రాకుండా చూడడం వల్ల ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

లోహాల ఎంపికలో వీళ్ళ తర్కం నాకు నచ్చింది. సముద్రపు నీటిలో 316 స్టెయిన్‌లెస్ ఉక్కు బహిరంగంగా బాగానే కనిపించినా సీలు గాడి లాంటి ఇరుకు సందుల్లో తినేయబడుతుంది. అందువల్ల ఏళ్ళ తరబడి కింద ఉండే రిసెప్టకిల్‌ను సూపర్ డ్యూప్లెక్స్ అనే, తుప్పుకు ఇంకా బాగా ఓర్చుకునే స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేయమన్నారు. స్టాబ్‌ను కూడా దానితోనే చేస్తే రెండూ ఒకే జాతి ఉక్కు కాబట్టి రాపిడిలో ఒకదానికొకటి అతుక్కుని, అంటే గాలింగ్ జరిగి, పట్టేసే ప్రమాదం ఉంది. స్టాబ్ పైకి వచ్చి మంచినీళ్ళతో కడిగించుకునే వస్తువు కాబట్టి తుప్పు విషయంలో కాస్త తక్కువైనా రాపిడికి బాగా ఓర్చుకునే నైట్రోనిక్ 60 అనే మరో రకం స్టెయిన్‌లెస్ ఉక్కు సరిపోతుందని తేల్చారు. ఆ కడ్డీ దొరకడానికి ఐదు వారాలు పట్టింది. అది డిజైనర్ల తప్పు కాదు గానీ, సరుకు దొరికే కాలాన్ని మొదటి ప్రణాళికలో వేసుకోకపోవడం మాత్రం వాళ్ళ తప్పే.

బోల్టుల దగ్గర వాళ్ళ పట్టుదల మొదట నాకు చాదస్తం అనిపించింది. డ్రాయింగులో ప్రతి బోల్టు పక్కనా గట్టిదనం 350 వికర్స్ (లోహం గట్టిదనానికి ఒక కొలమానం) దాటకూడదని రాశారు. కాథోడిక్ రక్షణ వల్ల లోహం ఉపరితలం మీద హైడ్రోజన్ పుడుతుంది. మరీ గట్టి ఉక్కులోకి అది చొరబడి, బిగింపులో ఉన్న బోల్టును ఏ హెచ్చరికా లేకుండా పుటుక్కున తెంచేస్తుంది. తుప్పు నుంచి కాపాడే ఏర్పాటే బోల్టును చంపుతుందన్నమాట. డ్యూప్లెక్స్ ఉక్కుకు కూడా ఈ ప్రమాదం ఉండబట్టే నార్వేలోని ప్రమాణాల సంస్థ డీఎన్‌వీ వాళ్ళు దానికోసం ప్రత్యేకంగా ఆర్‌పీ-ఎఫ్112 అనే మార్గదర్శిని ప్రచురించారు. మా స్టోర్సు అబ్బాయి 8.8 తరగతి బోల్టులు దొరకలేదని, "ఇవి ఇంకా స్ట్రాంగ్ సార్" అంటూ నల్లటి 12.9 అలెన్ బోల్టుల డబ్బా తెచ్చి పెట్టాడు. 12.9 తరగతి గట్టిదనం 385 వికర్స్ దగ్గరే మొదలవుతుంది. డ్రాయింగు మీద ఆ వాక్యం లేకపోతే నేను సంతకం పెట్టేసేవాడినేమో. డబ్బా వెనక్కి పంపాం.

ఇక వాల్వ్ పెట్టె. ఇక్కడ పొరపాటు జరిగింది. 1500 మీటర్ల లోతులో సముద్రం 150 బార్లకు పైగా నొక్కుతుంది. ఆ ఒత్తిడిని తట్టుకునేలా గాలి నిండిన పెట్టె చేయాలంటే మందపాటి గోడలు, బోలెడంత బరువు కావాలి. అందుకే పెట్టెను నూనెతో నింపి, పక్కన ఒక కంపెన్సేటర్, అంటే సముద్రపు ఒత్తిడిని లోపలి నూనెకు చేరవేసే రబ్బరు పొర, దాని మీద ఒక స్ప్రింగు, పెడతారు. లోపలి నూనె ఎప్పుడూ బయటి నీటి కన్నా అర బారు ఎక్కువ ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి, ఎక్కడైనా కారినా నూనె బయటికి పోతుందే గానీ నీరు లోపలికి రాదు. పలుచని అల్యూమినియం పెట్టె ఎంత లోతుకైనా నిశ్చింతగా దిగుతుంది. షరతల్లా ఒక్కటే, కంపెన్సేటర్‌లో నూనె అయిపోకూడదు.

నూనె ఎందుకు అయిపోతుంది? లోతుకు వెళ్ళినకొద్దీ నూనె నలుగుతుంది, చల్లబడినకొద్దీ ముడుచుకుంటుంది. మా పెట్టెలో 8 లీటర్ల నూనె. 150 బార్లకు అది సుమారు ఒక శాతం, అంటే 80 మిల్లీలీటర్లు, నలుగుతుంది. ప్రతి డిగ్రీకి సుమారు 0.07 శాతం చొప్పున, 30 డిగ్రీల నుంచి అడుగున ఉండే 5 డిగ్రీలకు చల్లబడితే మరో 140 మిల్లీలీటర్లు తగ్గుతుంది. మొత్తం 220. కంపెన్సేటర్ సామర్థ్యం 300 మిల్లీలీటర్లు పెట్టారు. కారిపోయేదానికి 80 మిగులు. లెక్క చక్కగా ఉంది, నేను చూశాను, ఒప్పుకున్నాను. ఒక్క రోజులో ఆమోదించేశాను కూడా.

నమూనా పెట్టె కాకినాడ చేరాక మా డెక్ సూపర్‌వైజరు, ఉప్పాడ మనిషి, ఇరవయ్యేళ్ళుగా ఓడల మీద ఉన్నవాడు, దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఏవండీ, మే నెల్లో మజ్జాన్నం డెక్ మీద ఇది చెయ్యి పెట్టనిస్తుందాండీ?" అన్నాడు. అంతే, నా గుండె జారింది. ఎండలో నల్లరంగు పెట్టె లోపల నూనె 30 డిగ్రీల్లో ఎందుకుంటుంది? ఆ మర్నాడు థర్మామీటరు పెట్టి చూస్తే 55 చూపించింది. వేడికి నూనె వ్యాకోచించి కంపెన్సేటర్ నిండి, ఎక్కువైంది రిలీఫ్ వాల్వు గుండా బయటికి పోతుంది. ఆ నిండిన, వేడి స్థితి నుంచి 5 డిగ్రీలకు దిగితే ముడుచుకునేదే 280 మిల్లీలీటర్లు, దానికి నలిగే 80 కలిపితే 360. కంపెన్సేటర్‌లో ఉన్నది 300. అంటే పెట్టె అడుగు చేరి చల్లబడేలోపే కంపెన్సేటర్ ఖాళీ అయి, లోపలి ఒత్తిడి బయటి కన్నా తగ్గి, కేబుళ్ళు లోపలికి వెళ్ళే చోట బిగించే గ్లాండుల గుండా సముద్రం లోపలికి పీల్చబడేది. ఆరు సోలినాయిడ్లూ ఉప్పునీటి పాలయ్యేవి.

లెక్క తప్పలేదు, లెక్కలో వేసిన 30 డిగ్రీలు తప్పు. బాలానగర్‌లో ఏసీ గదిలో కూర్చున్నవారికి అది తట్టలేదు సరే, ఎండలో డెక్ మీద కాళ్ళు కాల్చుకున్న నాకు తట్టకపోవడానికి సాకు లేదు. అయినా "సముద్రం అడుగు ఎలా ఉంటుంది" అని అన్ని ప్రశ్నలు వేసినవారు "డెక్ మీద ఎంతసేపు ఉంటుంది" అన్న ఒక్క ప్రశ్న వేయలేదన్నది నిజం. ఫోన్ చేసి చెప్పగానే ఆ పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా వల్ల పొరపాటు జరిగిందండీ, మార్చి ఇస్తాం" అన్నారు. మీరు ఆమోదించారు కదా అన్న మాట వాళ్ళ నోట రాలేదు. 19 రోజుల్లో 700 మిల్లీలీటర్ల కొత్త కంపెన్సేటర్ గీసి, రుసుము అడగకుండా, విడిభాగం ఖర్చు మాత్రం సగం సగం పంచుకుందామన్నారు. న్యాయంగానే అనిపించి ఒప్పుకున్నాం.

కొత్త కంపెన్సేటర్‌కు వాళ్ళంతట వాళ్ళే ఒక అదనపు వసతి జోడించారు. పొర కదిలినకొద్దీ బయటికి పొడుచుకొచ్చే ఒక చిన్న కడ్డీ పెట్టి, దాని మీద పసుపు, నలుపు పట్టీలు గీయించారు. లోపల నూనె ఎంత మిగిలిందో వాహనం కెమెరాలోనే పైలట్ చూడవచ్చు. పెట్టె రంగు నలుపు నుంచి తెలుపుకు మార్చమని కూడా సూచించారు. ఇంకా, నూనె నింపేటప్పుడు గాలి బుడగలు మిగిలితే అవి లోతులో దాదాపు మాయమై కంపెన్సేటర్ నూనెను తినేస్తాయి కాబట్టి, పెట్టె మూత ఏటవాలుగా చేసి, ఎత్తైన మూలలో గాలి వదిలే స్క్రూ పెట్టారు. ఆ ఏటవాలు కేవలం 3 డిగ్రీలు. చూస్తే తెలియదు కూడా. నింపేటప్పుడు చివరి బుడగ ఆ మూలకు పాక్కుంటూ వచ్చి బయటపడడం మాత్రం కళ్ళారా చూశాను.

తయారీ వాళ్ళది కాదు. వాళ్ళు సూచించిన ఒక మెషిన్ షాపులో మేమే చేయించుకున్నాం, వాళ్ళు పర్యవేక్షించారు. స్టాబ్ లోపలికి వెళ్ళేటప్పుడు దాని సీళ్ళు రిసెప్టకిల్ గోడలోని రంధ్రాల అంచుల మీదుగా జారాలి. డ్రాయింగులో ఆ అంచులను గుండ్రంగా చేసి నునుపు పట్టమని రాసి ఉన్నా, ఒక రంధ్రం అంచున వెంట్రుక మందం బర్, అంటే కోతలో మిగిలే పదునైన లోహపు పొడుచు, మిగిలిపోయింది. బయటి నుంచి కనిపించదు. వాళ్ళ ఫిట్టరు సన్నని టార్చి లోపలికి వేసి, చెవి శుభ్రం చేసుకునే దూది పుల్లను రంధ్రం చుట్టూ తిప్పాడు. దూది పోగు ఒకటి అంచుకు తగులుకుని మిగిలింది. "ఇది మీ ఓ-రింగ్ సార్" అని నవ్వాడు. ఆ దూది పుల్ల పరీక్ష ఇప్పుడు మా దగ్గర ప్రతి రిసెప్టకిల్‌కూ చేస్తున్నాం.

పరీక్షల సంగతి తొందరగా చెప్పేస్తాను. పని పీడనానికి ఒకటిన్నర రెట్లు, అంటే 310 బార్ల వద్ద నీటి పరీక్ష, తర్వాత ద్రవంలోని మురికి రేణువులను కొలిచే నాస్ 1638 ప్రమాణం ప్రకారం 6వ తరగతి శుభ్రత వచ్చేదాకా ద్రవాన్ని తిప్పి వడకట్టడం, చివరికి లోతులోని ఒత్తిడిని కల్పించే హైపర్‌బారిక్ ఛాంబర్‌లో 165 బార్ల బయటి ఒత్తిడి కింద వాల్వులను ఆడించడం. ఇటువంటి ఛాంబర్లు మన దేశంలో ఎక్కువ లేవు. చెన్నై పళ్ళికరణైలోని ఎన్ఐఓటీ, అంటే జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, దగ్గర చాలా లోతులకు సరిపడేది ఉంది. మా లోతు తక్కువ కాబట్టి మరో చోట చిన్నదానితో సరిపెట్టుకున్నాం. పరీక్ష విధానాన్ని డిజైన్ సంస్థే రాసింది. బాగా రాసింది. లోపలి నుంచి పీడనం పెట్టి చూడటంతో ఆపకుండా, లోపల సున్నా పెట్టి బయటి నుంచి సముద్రం నొక్కే స్థితిని కూడా వేరుగా పరీక్షించమన్నారు. ఒక వైపు ఒత్తిడికే పనిచేసే సీలును పొరపాటున తిప్పి పెట్టినట్టయితే అది బయటపడేది ఆ రెండో పరీక్షలోనే.

ఇప్పుడు అసంతృప్తి. పత్రాల విషయంలో ఈ సంస్థ నన్ను ఏడిపించింది. 11 వారాల్లో ఇస్తామన్న పూర్తి పత్రాలు 17 వారాలకు వచ్చాయి. డ్రాయింగుల సంస్కరణ సంఖ్యలు సరిగా పాటించరు. మెషిన్ షాపు దగ్గర 'సి' సంస్కరణ, నా దగ్గర 'డి', వాళ్ళ ఇంజినీరు లాప్‌టాప్‌లో 'ఇ' సంస్కరణ ఉన్న రోజు ఒకటి ఉంది. ఆ రోజు ఒక గాడి లోతు 0.2 మిల్లీమీటర్ల తేడాతో కోయబడి, ఒక ముక్క పారేయవలసి వచ్చింది. లోహం ధ్రువపత్రాలను ఏ ముక్కకు ఏది చెందుతుందో జతచేసి ఇవ్వడం నాలుగుసార్లు గుర్తుచేస్తే గానీ జరగలేదు. సముద్ర పరికరాల కొనుగోలుదారు ముందు ఆ కాగితం లేని భాగం ఎంత చక్కగా ఉన్నా తుక్కుతో సమానం. పెద్దాయనకు అన్నీ తలలో ఉంటాయి. ఆయన సెలవులో ఉన్న పది రోజులు మా పని ఒక్క అంగుళం కదలలేదు. ఆ తలలో ఉన్నది కింది ఇద్దరు కుర్రాళ్ళ చేతికి రావడం లేదన్నది నా అసలు భయం. ఆ కుర్రాళ్ళు త్రీడీ మోడల్ అద్భుతంగా చేస్తారు, ఒత్తిడి విశ్లేషణ రంగురంగుల బొమ్మలతో చూపిస్తారు. 30 డిగ్రీలు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మాత్రం సాఫ్ట్‌వేర్ మామూలుగా తీసుకునే విలువ అన్నారు.

రుసుము విషయానికొస్తే, రెండు భాగాలకూ కలిపి డిజైన్, డ్రాయింగులు, పరీక్ష విధానం, తయారీ పర్యవేక్షణకు 6 లక్షల 40 వేలు, జీఎస్‌టీ అదనం. విదేశీ తయారీదారు నుంచి తయారైన భాగాలు తెప్పించుకుంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే మొదటి సెట్టు మీద మాకు మిగిలింది ఏమీ లేదు. పారేసిన ముక్క, ఆలస్యం కలిపితే కొంచెం నష్టమే. రెండో సెట్టు నుంచి తయారీ ఖర్చు తప్ప మరేమీ లేదు కాబట్టి అక్కడ లాభం మొదలైంది. ఒక్కటే కావాలనుకునేవారు ఈ దారికి రావద్దు, కేటలాగు నుంచి కొనుక్కోవడమే చవక.

ఐదుకు ఎన్ని ఇస్తావంటే డిజైన్‌కు నాలుగు, పత్రాలకు రెండు. ఆర్‌ఓవీ పనిముట్లు, స్టాబ్‌లు, ద్రవాన్ని పలు దారులకు పంచే మానిఫోల్డులు, నూనె నిండిన పెట్టెలు, వీటికి ఈ సంస్థ లాంటివారి దగ్గరికి ధైర్యంగా వెళ్ళవచ్చు, మీ వైపు నుంచి డెక్ మీద తిరిగిన మనిషి ఒకరు ప్రతి లెక్కా చదువుతారనుకుంటే. బావి పీడనాన్ని ఆపే భాగాలకు మాత్రం వెళ్ళకండి. క్రిస్మస్ ట్రీ (బావి నోటి మీద బిగించే వాల్వుల గుంపు) వాల్వులు, వెల్‌హెడ్ (బావి నోటి భాగం) కనెక్టర్లు ఏపీఐ 17డి, 6ఏ పరిధిలోకి వస్తాయి. వాటికి కావలసిన నాణ్యతా వ్యవస్థ, అర్హత పరీక్షలు పదిమంది కార్యాలయానికి మించిన పని. ఆ మాట పెద్దాయనే మొదటి రోజు నాతో అన్నారు.

పెట్టె ఇప్పటికి 23 సార్లు కిందికి వెళ్ళి వచ్చింది. కడ్డీ మీద పసుపు పట్టీ ఇంతవరకు దాటలేదు. స్టాబ్ సీళ్ళు రెండుసార్లు మార్చాం. మూడో భాగంగా ఒక టార్క్ టూల్ (వాల్వులను తిప్పే ఆర్‌ఓవీ పనిముట్టు) అడాప్టర్ డిజైన్ పోయిన నెల వాళ్ళకే ఇచ్చాం. ఈసారి ఒప్పందంలో డ్రాయింగు సంస్కరణలకు ఒక బాధ్యుడి పేరు, చివరి 20 శాతం సొమ్ము పత్రాలన్నీ చేరాకే అన్న షరతు రాయించుకున్నాను. మొదటి సమావేశానికి ఉప్పాడ సూపర్‌వైజరును వెంట తీసుకెళ్ళాను.